దర్జీ దిద్దిన గీత

కరెంటు పెట్టించుకోవడం మొదలై అది పదహారో రోజు. ఆస్పత్రి కాగితాల మీద రేడియేషన్ అని రాస్తారు గానీ, బయట బెంచీ మీద కూర్చునేవాళ్లంతా కరెంటు అనే అంటారు. దర్జీ ఆవిడకి కరెంటు మీద కన్నా, దాన్ని పెట్టే మనుషుల మీదే నమ్మకం తక్కువ. ముప్ఫై ఏళ్లుగా ఆడవాళ్ల బట్టలు కుడుతోంది. కొలతలిచ్చేటప్పుడు పొట్ట లోపలికి పీల్చేవాళ్లని, పదేళ్ల కిందటి నడుమే ఇప్పటికీ ఉందని దబాయించేవాళ్లని వందలమందిని చూసింది. మనిషన్నాక ఏదో ఒకటి దాస్తాడని ఆవిడ సిద్ధాంతం.

రొమ్ములో గడ్డ తీసేశారు. మళ్లీ రాకుండా పాతిక రోజులు కరెంటు అన్నారు. బాగానే ఉంది. మరి తనని బల్ల మీద పడుకోబెట్టి, చేతులు తలపైకి పెట్టించి, ఆ మిషను అమ్మాయి పరుగున బయటికెళ్లి గోడంత తలుపు ఎందుకు వేసుకుంటున్నట్టు?

"నాకు మంచిదైతే నువ్వెందుకమ్మా పారిపోతావ్?" అని మొదటి రోజే అడిగేసింది.

"మీకు పాతిక రోజులే ఆంటీ. నేను రోజూ ముప్ఫైమందికి పెట్టాలి కదా!" అని నవ్వింది అమ్మాయి.

జవాబు సరిగ్గా అతికింది. మరీ సరిగ్గా అతికిన జవాబంటే ఆవిడకి ఇంకా అనుమానం.

దానికి తోడు మొగుడు. స్కూలు బస్సు నడుపుతాడు. ఆయన మామూలుగా మాట్లాడితేనే వీధి చివరికి వినిపిస్తుంది. అలాంటి మనిషి, కరెంటు అయ్యాక ఈవిడ ఆస్పత్రి గౌను మార్చుకుని వచ్చేసరికి రోజూ ఆ అమ్మాయితో గుసగుసలాడుతుంటాడు. ఈవిణ్ణి చూడగానే ఇద్దరి నోళ్లూ మూతపడతాయి.

"ఏంటండీ సంగతి?"

"ఏముంది? రేపు ఎన్నింటికి రావాలో కనుక్కుంటున్నా."

మొదటి రోజు నుంచీ ఒకటే టైము, తొమ్మిదింబావు. అది కనుక్కోవడానికి గుసగుసలెందుకు? ఆవిడకి తెలిసిపోయింది. గడ్డ మళ్లీ వచ్చింది, తనకి చెప్పడం లేదు. అనుమానం పెనుభూతం అని ఊరికే అన్నారా? ఆ భూతం కొట్లో ఆవిడ పక్కనే స్టూలు వేసుకుని కూర్చుంది.

శని, ఆదివారాలు కరెంటు ఉండదు. అది ఎక్కడ పడాలో చూపించడానికి ఒంటి మీద ఇంకుతో గీతలు గీస్తారు. వాటిని చెరపొద్దన్నారు. కానీ ఆదివారానికల్లా చెమటకి సగం మాసిపోయాయి. అద్దం ముందు నిలబడి చూసుకుంటే చంక కింద గీత వంకరగా కనిపించింది. "తిన్నగా గీత గీయడం కూడా రాదు ఈ పిల్లకి" అని విసుక్కుని, టేపు పట్టి, పెన్నుతో దిద్దుకుంది. గీత ఒక వేలు పైకి జరిగింది. ఎంత తిన్నగా వచ్చిందో చూసుకుని ముచ్చటపడింది కూడా.

సోమవారం కరెంటుకి ముందు, అది సరైన చోటే పడుతుందో లేదో చూడ్డానికి, ఎప్పటిలాగే మిషనుతో ఫొటో తీశారు. వెంటనే తలుపు తెరుచుకుంది. అమ్మాయి వచ్చి ఆవిడ పక్కటెముకల వంక చూసి వెళ్లిపోయింది. మళ్లీ ఫొటో. మళ్లీ తలుపు. ఈసారి వెనకే డాక్టరమ్మ. ఇద్దరూ గుమ్మంలో నిలబడి గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు. "తేడా", "శుక్రవారం లేదు" అన్న రెండు ముక్కలే ఆవిడ చెవిన పడ్డాయి.

"దాచకండి డాక్టరమ్మా. మళ్లీ వచ్చింది కదూ?"

డాక్టరమ్మ ఆ మాట పట్టించుకోలేదు. అమ్మాయి వైపు తిరిగి, "ఈ గీత నువ్వేనా గీసింది?" అని అడిగింది.

"శుక్రవారం నేను గీసింది ఇది కాదు మేడమ్."

"మరెవరు గీస్తారు? చూసుకోకుండా పెట్టేసి ఉంటే ఏమయ్యేది?"

అమ్మాయి ముఖం పాలిపోయింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, దర్జీ ఆవిడ చెయ్యి దానంతటదే తలమీద నుంచి దిగి ఆ గీతని కప్పేసింది.

ఆవిడ కొట్లో ఒకటే చట్టం. ఒకరి సుద్దగీత మీద ఇంకొకరు చెయ్యి వెయ్యకూడదు. ఆ తప్పు చేసినవాళ్లని ఎన్నిసార్లు దులిపేసిందో! ఇప్పుడు నోరు మూసుకుంటే తన పరువు దక్కుతుంది, ఆ పిల్ల ఉద్యోగం మీదకి వస్తుంది.

"నేనే గీశాను. వంకరగా ఉందని దిద్దాను."

డాక్టరమ్మ వంగి ఆ గీతని చూసింది. "నిలబడి గీసుకున్నారా?"

"అద్దం ముందు."

"మేం పడుకోబెట్టి గీస్తాం. లేచి నిలబడితే అది వంకరగానే కనబడుతుంది. ఇంకెప్పుడూ దాని జోలికి వెళ్లకండి."

"మరి గడ్డ?"

"పోయిన వారం నేనే పరీక్ష చేశాను కదమ్మా, ఏమీ లేదు. మేం మాట్లాడుకున్నది గీత గురించే." ఆ తర్వాత అమ్మాయి భుజం తట్టి, "సారీ," అని వెళ్లిపోయింది.

అమ్మాయి తడి దూదితో ఆవిడ గీతని చెరిపేసి, మళ్లీ గీయడం మొదలుపెట్టింది.

"నాలుగు తిట్టమ్మా, పడతాను."

"తిట్టను గానీ, ఊపిరి బిగబట్టకండి ఆంటీ."

ముప్ఫై ఏళ్లుగా కొలతలు తీస్తూ తను అందరికీ చెప్పే మాట అది. ఆవిడకి సిగ్గేసింది. అయినా అనుమానం ఒకటి మిగిలే ఉంది.

"మా ఆయన రోజూ నీతో ఏం మాట్లాడతాడు?"

అమ్మాయి చెయ్యి ఆగింది. "మీకు చెప్పొద్దన్నారు."

"నేనొక నిజం చెప్పాను. ఇప్పుడు నీ వంతు."

"లోపల ఏడ్చిందా అని అడుగుతారు. జబ్బు తెలిసిన రోజు నుంచి ఇంట్లో మీరు ఒక్కసారీ ఏడవలేదంట. లేదండీ, ఇక్కడా ఏడవలేదు అని చెప్తాను. నమ్మరు. మర్నాడు మళ్లీ అడుగుతారు."

ఆయనకీ ఒక అనుమానం ఉండొచ్చని ఆవిడకి ఇన్నాళ్లూ తట్టనే లేదు. తను దాస్తున్నదేదో ఆయన రోజూ తలుపు బయట నిలబడి వెతుకుతున్నాడు. కళ్లలో నీళ్లు పొంగి చెవుల్లోకి కారాయి. తుడుచుకోబోయింది.

"చెయ్యి కదపకండి, గీత తప్పుతుంది," అంటూ అమ్మాయే తుడిచింది. "ఇవాళ అడిగితే ఏం చెప్పమంటారు ఆంటీ?" అంది.

"నువ్వేం చెప్పకు. నేనే చెప్తాను."

అమ్మాయి గీత పూర్తిచేసి, ఎప్పటిలాగే పరుగున బయటికెళ్లి తలుపు వేసేసింది.