జాగా చాలని జైలు

"నీ మొగుడు ఈడ లేడు. పక్కకు జరుగు," అన్నాడు హెడ్ వార్డరు సుబ్బరాయుడు, పళ్ల సందున ఇరుక్కున్న వక్కను నాలుకతో వెతుక్కుంటూ.

నంద్యాల జైలు గేటు ముందు ఎండ నిప్పులు చెరుగుతోంది. మిరప కోతల కూలి మానుకుని, ఆళ్లగడ్డ పక్క పల్లె నుంచి ములాఖత్ కోసం వచ్చింది కృపావతి.

"లేకుండా యాడికి పాయ సార్?"

"విశాఖపట్నం దిక్కు జైలుకు తోలినాం. ఈడ జాగా చాల్లేదు. పైనుంచి ఆర్డరు."

"మాకొక మాట చెప్పల్ల గదా సార్?"

"ఏందీ, పెండ్లికూతుర్ని సాగనంపుతాండామా, మేళాలు పెట్టి నిన్ను పిల్చేకి?"

తన హాస్యానికి తనే మురిసిపోయాడు సుబ్బరాయుడు. వెనకనున్న వార్డరూ నవ్వాడు. పైవాడు నవ్వితే నవ్వడం వాడి ఉద్యోగంలో భాగం.

కృపావతి మొగుడు సాల్మన్ రాజు చేసిన నేరం ఒకటే. వాళ్ల క్రైస్తవుల సమాధుల దొడ్డిని ప్లాట్లు వేసి అమ్ముకోవడానికి భూముల వ్యాపారి రాజశేఖర్ మిషను తెచ్చి తవ్విస్తుంటే అడ్డం నిలబడ్డాడు. అప్పటికే అతని తల్లి ఎముకలు మట్టి కుప్ప మీద తేలాయి. రాజశేఖర్ ఇనుపరాడ్డుతో అతని చెయ్యి విరగ్గొట్టాడు. పోలీసులు మాత్రం ధర్మాత్ములు. కొట్టినవాణ్ణీ, కొట్టించుకున్నవాణ్ణీ ఒకే జీపులో ఎక్కించి ఒకే జైలుకు పంపారు. విచారణ ఇంకా మొదలే కాలేదు.

ఇంతలో తెల్లకారు వచ్చి ఆగింది. రాజశేఖర్ బావమరిది చెన్నకేశవులు క్యారియరుతో దిగాడు. అతను అడగకముందే గేటులోని చిన్న తలుపు తెరుచుకుంది. లోపలికి పోయి, కాసేపటికి మూతి తుడుచుకుంటూ బయటికొచ్చాడు.

"ఇప్పుడు బాగుండాదిలేప్పా," అన్నాడు సుబ్బరాయుడి భుజం తట్టి. "మా బావ ఫ్యాను కింద కాళ్లు సాపుకోని పండుకుంటాండాడు."

ఎవరు కాళ్లు చాపుకోవడానికి ఎవరిని సముద్రం ఒడ్డుకు విసిరేశారో కృపావతికి అర్థమైంది.

చెన్నకేశవులు అప్పుడు చూశాడామెను. గొంతులో జాలి పులుముకున్నాడు.

"ఏందమ్మా ఈ తిప్పలు? ఆడ నీ మొగుణ్ణి పలకరిచ్చే దిక్కుంటుందా? వాయిదాలకు గూడా ఈడికి తేరు, టీవీలో సూపిస్తారంతే. ఆ జాగా మాదేనని కోర్టులో ఒక్కమాట ఒప్పుకోండి. బేగా ఈడికే తెప్పిస్తా."

కృపావతి సుబ్బరాయుడి వైపు తిరిగింది.

"సార్, ఈడ జాగా చాల్లేదని గదా తోలినారు? ఈయప్ప చెప్తే జాగా యాడ్నుంచి వస్తాది?"

సుబ్బరాయుడికి నాలుక కింది వక్క హఠాత్తుగా చేదెక్కినట్టుంది. రోడ్డు మీద పోతున్న ఆటోను శ్రద్ధగా చూడసాగాడు. చెన్నకేశవులు ముఖంలో జాలి ఇట్టే ఎగిరిపోయింది.

"పొగురా? ఈ నల్లమల అవతల మొగం సూసినావా యానాడన్నా? ఎట్ల పోతావో పో, సూస్తా."

"మా అత్తను ఒకతూరి మీరు తవ్వి బయటేస్తిరి. ఇప్పుడు నేను అమ్ముకోవల్లనా?" అంది కృపావతి. "ఒప్పుకోం. నా మొగుణ్ణి యాడ పెట్టినా ఒప్పుకోం."

రైల్వే స్టేషన్‌లో ప్లాట్‌ఫారం ఊడుస్తున్న ముసలామెను కృపావతి అడిగింది.

"విశాఖపట్నం పోయే బండి యాడికొస్తాదమ్మా?"

"నేరుగా పోయేది ఇప్పుడు ల్యాదు. గుంటూరుకు పోయి బండి మారల్ల. ఎవరుండారు ఆడ?"

"మా ఆయప్ప."

గుంటూరు ఎలా ఉంటుందో కృపావతికి తెలియదు. ఆ జైలు ఏ దిక్కునో, అక్కడ ఆమె మాట ఎవరికి అర్థమవుతుందో, తీరా పోయాక చూడనిస్తారో లేదో తెలియదు. బండి వచ్చింది. కూర్చునే చోటు దొరక్క, తలుపు పక్కన కమ్మీ పట్టుకుని నిలబడింది. పొలాలు వెనక్కి జరిగిపోయాయి. నల్లమల దగ్గరయ్యేకొద్దీ పెరిగి పెరిగి ఆకాశాన్ని మింగేసింది. బండి ఒక్కసారి కూత వేసి సొరంగంలోకి దూరింది. ఆ కటిక చీకట్లో ఎవరో పసిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది.

కృపావతి కళ్లు మూసుకోలేదు.