చదవని రెండో పేజీ

ఎవరికి అన్యాయం జరిగింది? చిట్టెమ్మకు. ఎలా జరిగింది? మూడేళ్ళ కూతురిని చదువుకు పంపుతున్నానని నమ్మి, ఆ బిడ్డను శాశ్వతంగా వదులుకుంటున్నట్టు రాసిన కాగితం మీద ఆమె వేలిముద్ర వేసింది. ఆ కాగితం ఆమెకు చదివి వినిపించినది నేను.

1989లో నేను విశ్వవిద్యాలయంలో సీనియర్ అసిస్టెంటును. చిట్టెమ్మ మా సెక్షన్ ఊడ్చేది. భర్త పోయి ఏడాది, చేతిలో ఇద్దరు పిల్లలు. నల్లకుంటలో అప్పుడున్న ఒక శిశు గృహం మేనేజరు కాగితాలు పట్టుకుని మా ఆఫీసుకే వచ్చాడు. నేను గుంటూరు కాన్వెంటులో చదివినదాన్ని. ఇంగ్లీషు కాగితం ఏది వచ్చినా అందరూ నా బల్ల దగ్గరికే తెచ్చేవారు. మొదటి పేజీ చదివి తెలుగులో చెప్పాను: పాపకు తిండి, బట్ట, చదువు. పేజీ తిప్పబోతే, "అందులోనూ అదేనండీ, మామూలు నియమాలు" అన్నాడాయన. తప్పులేని ఇంగ్లీషు మాట్లాడే మనిషి అబద్ధమాడడని, ఎవరూ నేర్పకుండానే, నేను నేర్చుకుని ఉన్నాను. 'తెలుగులో పూర్తిగా చదివి వినిపించడమైనది' అన్న వాక్యం కింద శ్యామలాంబ అని సంతకం చేశాను.

ఆ తరువాత ప్రతి దసరాకూ చిట్టెమ్మ చీపురు పక్కన పెట్టి అడిగేది.

"అమ్మా, నా సారలమ్మ ఎప్పుడొస్తది?"

"కాగితంలో ఉన్నట్టే జరుగుతుంది" అనేదాన్ని. కొన్నేళ్ళకు అడగడం మానేసింది.

పోయిన జూన్‌లో డెన్మార్క్ నుంచి విశ్వవిద్యాలయానికి ఒక ఉత్తరం వచ్చి, పింఛను విభాగంలో చేతులు మారి, తార్నాకలో నా ఫ్లాటుకు చేరింది. రాసినామె పేరు కరీన్. ఒకప్పటి సారలమ్మ. సాక్షి పేరు చూసి నన్ను వెతికిందట. ఉత్తరంతో పాటు ఆ రెండు పేజీల నకలు పంపింది. రెండో పేజీని అప్పుడే మొదటిసారి చదివాను.

ఆ శిశు గృహం ఇప్పుడు హబ్సిగూడలో ఉంది. జరిగినది మోసమని వాళ్ళ చేత రాయించాలని వెళ్ళాను. ఇప్పటి మేనేజరు శశిభూషణ్ కుర్చీ చూపించి, మంచినీళ్ళు తెప్పించాడు.

"అదంతా పాత మేనేజ్‌మెంట్ మేడమ్. ఫైల్సన్నీ చెదలు తినేశాయి. అయినా అమ్మాయి ఫారిన్‌లో సెటిలైంది కదా, హ్యాపీయే కదా!"

"సుఖంగా ఉంటే దొంగతనం దొంగతనం కాకుండా పోతుందా?"

"మీరు టీచర్‌గా చేశారా మేడమ్?" అని నవ్వాడు.

మూడు అర్జీలు ఇచ్చాను. మూడింటి మీదా ముద్ర పడింది, ఒక్కదానికీ జవాబు లేదు. నాలుగోసారి మూడు గంటలు కూర్చోబెట్టి, సారు వెళ్ళిపోయారన్నారు. ఒప్పుకోలు వాళ్ళ దగ్గరినుంచే రావాలని ఎందుకింత పట్టుబడుతున్నానని తిరుగు ఆటోలో నన్ను నేనే అడిగాను. దొరికిన జవాబు నాకు నచ్చలేదు: వాళ్ళు ఒప్పుకుంటే నా సంతకం సంగతి ఎవరూ అడగరు. మర్నాడే జరిగినదంతా తెలుగులో, ఇంగ్లీషులో రాసి, నోటరీ చేయించాను.

డిసెంబరులో కరీన్ వచ్చింది. ఆమెను తార్నాక నుంచి క్యాంపస్‌లోని స్టాఫ్ క్వార్టర్లకు ఆటోలో తీసుకువెళ్ళాను. చిట్టెమ్మ కొడుకు ఉప్పలయ్య అక్కడే ఎలక్ట్రీషియను; ఆమె అతని దగ్గరే ఉంటోంది. సారలమ్మ వస్తోందని మాత్రం ముందే కబురు చేశాను. నా కాగితాన్ని లోపల, నలుగురి మధ్య, నెమ్మదిగా అందిద్దామని సంచిలో పెట్టుకున్నాను.

ఉప్పలయ్య గడపకు అడ్డంగా నిలబడ్డాడు.

"మేడమ్, మీరు పెద్దోళ్ళు, లోపటికి రాండ్రి. ఆమెను వరండల్నే కూసోవెట్టుండ్రి."

"ఎందుకు?"

"మీ అమ్మ నీ చెల్లెను అమ్ముకున్నది, నిన్నెప్పుడు అమ్ముతదిరా అని చిన్నప్పటి సంది నన్ను నవ్విండ్రు. మళ్ళ షురూ అయితది. గోడ దిక్కు జూడుండ్రి, టికెట్ లేకుండ సినిమా జూస్తున్నరు."

నిజమే. పక్క క్వార్టర్ల గోడ వెంట పదిమంది ఉన్నారు.

"ఇంటికొచ్చిన ఆడివిల్లను గట్ల నిలవెడ్తరా?" అంది అతని భార్య భాగ్య.

"నువ్వూకో."

అతని వెనక చిట్టెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. కరీన్ ఆమెనే చూస్తూ ఇంగ్లీషులో ఒక మాట అడిగింది. ఒక్క అక్షరం మార్చకుండా తెలుగులో చెప్పాను: "నన్నెందుకు వద్దనుకున్నారు? కోపం లేదు. తెలిస్తే చాలు."

"నేను వద్దనుకున్ననా?" చిట్టెమ్మ గొంతు గోడ దాకా వినిపించింది. "ఈ మేడమ్‌నే అడుగు. సదివి జెప్పింది ఆమెనే గద!"

నెమ్మదిగా అందించే అవకాశం అక్కడితో పోయింది. నకలు తీసి, మెట్టు మీద నిలబడి, రెండో పేజీ మొదటి నుంచి చివరి దాకా గోడ దగ్గరివాళ్ళకూ వినిపించేలా తెలుగులో చదివాను. 'ఈ బిడ్డపై నాకు ఏ హక్కూ లేదు. ఎక్కడున్నదో అడగను. విదేశానికి పంపుటకు సమ్మతిస్తున్నాను.' చివర నా పేరు కూడా చదివాను.

"ఇందులో ఒక్క మాటా ఆ రోజు నేను చిట్టెమ్మకు చెప్పలేదు. చదవకుండానే చదివానని సంతకం చేశాను. ఆమె బిడ్డను అమ్మలేదు, ఇవ్వనూ లేదు. ఆమెను మోసం చేశారు. ఆ మోసానికి సాక్షిని నేను." అదే మాట కరీన్‌కు ఇంగ్లీషులో చెప్పి, నోటరీ కాగితం ఉప్పలయ్య చేతిలో పెట్టాను.

చిట్టెమ్మ కొడుకు పక్కకు వచ్చి నిలబడింది.

"ఏండ్లకేండ్లు అడిగితి గదమ్మా. ఒక్కపారి తిప్పి జూస్తే ఏంబోయేది?"

ఉప్పలయ్య గడప వదిలి పక్కకు జరిగాడు. "రా చెల్లె" అన్నాడు. ఆ మాటను నేను అనువదించనక్కర లేకపోయింది.

కూతురి చేయి పట్టుకుని చిట్టెమ్మ అడిగిన మొదటి ప్రశ్న, పెళ్ళయిందా అని. పదకొండేళ్ళయిందని చెప్పాను. వెంటనే కోడలి వైపు తిరిగింది.

"బియ్యం దియ్. పసుపు గలుపు."

పెళ్ళయిన ఆడపిల్లకు పుట్టినింటివారు పెళ్ళినాడూ, ఆపైన బేసి సంవత్సరాల్లోనూ ఒడిబియ్యం పోయాలని, అది వాళ్ళ ఆచారమని భాగ్య నాకు చెప్పింది. కరీన్‌ను పీట మీద కూర్చోబెట్టి కొత్త చీర కప్పి, కొంగు పట్టించింది. చిట్టెమ్మ ఐదు దోసిళ్ళు పోసి, మళ్ళీ మొదలుపెట్టింది.

"ఒక్కసారి పోస్తే సాలదా అత్తా?"

"ఎట్ల సాలుతది? పెండ్లినాటిది, మూడో ఏడుది, ఐదోది, ఏడోది, తొమ్మిదోది, పదకొండోది. అవ్వగారింటి బాకీ ఉంచుతమా?"

నాలుగోసారికి ఇంట్లో బియ్యం అయిపోయాయి. పక్కింటి భూదేవి గోడ మీదినుంచి తన బియ్యం డబ్బా అందించింది. కరీన్ ఒడి బరువుకు పీట మీద ముందుకు వంగింది. ఆరోసారి ఐదో దోసిలి పోసి, పసుపంటిన రెండు చేతులూ కూతురి చెంపలకు ఆనించింది చిట్టెమ్మ.

"అయిపోయింది బిడ్డా," అంది. "ఇగ బాకీ లేదు."