భుజం మీది మాట

హోసూరులో భువన పని చేసే డీటీపీ షాపుకు ఒక పాస్టరుగారు హీబ్రూ మాటల పుస్తకం తెచ్చారు, తెలుగులో టైపు చెయ్యమని. భువనకు ఏదైనా మాట పట్టుకుందంటే వదలదు, అదొక జబ్బు. ఆ రోజు ‘మిస్రా’ పట్టుకుంది. రాజాధికారమని అర్థం. బైబిలు మొత్తంలో రెండే సార్లు వస్తుందట, రెండూ ఒక పసివాడి గురించే. ఆ అధికారం అతని భుజం మీద ఉంటుందట.

కిరీటం తల మీద ఉంటుంది, దండం చేతిలో ఉంటుంది. మరి అధికారం భుజం మీదెందుకు? పాస్టరుగారిని అడిగితే, రాజులు భుజాన వస్త్రం వేసుకునేవారేమో అని నసిగారు. ఆ జవాబు ఆమెకు ఆనలేదు.

కెలమంగలం బస్సు దిగి ఇంటికొచ్చేసరికి నాన్న వెంకటేశప్ప గొర్రెలకు మేత వేస్తున్నాడు. మర్నాడే మారెమ్మ ఊరేగింపు. ముప్పై ఏళ్లుగా పల్లకి ముందు బొంగును కుడిపక్క మోసేది ఆయనే.

“నాయనా, అధికారం యాడుంటాది? తలమీదా, భుజం మీదా?”

“అదేం ప్రశ్నమ్మా! పూజారికి గొడుగుంది, ప్రెసిడెంటుకు పూలదండ ఉంది. అమ్మ ఏ వీధికి తిరగాల్నో చెప్పేది మాత్రం నా భుజమే. నేను తిరిగితే ఊరంతా తిరగాల్సిందే.”

“ఏదీ, చూపించు.”

చొక్కా విప్పబోయి ఆయన ఆగిపోయాడు. కుడిచెయ్యి పైకి లేవలేదు. భువనే గుండీలు తీసింది. భుజం కాయకాసి, కోడిగుడ్డంత లేచి ఉంది.

“ఎన్నాళ్లాయ ఇట్ల?”

“పోయిన పండగ నుంచి. మీ అన్న శివరాజ్‌కు చెప్పొద్దు, బొంగు ఇడిపిస్తాడు. అది పోతే ఈ ఊర్లో నేనెవురు?”

భువనకు కోపం, జాలి ఒకేసారి ముంచుకొచ్చాయి. “రేపు పల్లకి జారితే?” అంది.

ఆయన ఎడమచేత్తోనే గుండీలు పెట్టుకోబోయాడు.

“షాపుకొచ్చిన బైబిలు మాటల పుస్తకంలో అధికారముండేది పసిబిడ్డ భుజం మీద నాయనా.”

“పసోడు యాడ మోస్తాడు?”

“అదే నాకూ తెలీలేదు. మోసేది ఎవురో ఒకరు నేర్పాల గదా.”

మర్నాడు పొద్దున పల్లకి ఎత్తే వేళకు వెంకటేశప్ప కొడుకును పిలిచాడు. తువ్వాలు మడిచి శివరాజ్ భుజం మీద పెట్టాడు. “నాకింక చేతకాదురా,” అని అందరి ముందే అన్నాడు. తర్వాత డప్పులు మోగాయి, పల్లకి లేచింది.

ఎక్కడ నిలబడాలో ఆయనకు తోచలేదు. జనంతో పాటు నాలుగడుగులు ముందుకు పోయి వెనక్కి తిరిగాడు. పల్లకి ఎదురుగా వస్తోంది. ఆయన భువన చెయ్యి పట్టుకున్నాడు.

“అమ్మణ్ణీ, ఊరేగేటప్పుడు అమ్మ మొకం ఇట్లుంటాదా? ముప్పై ఏండ్లు వీపు పెట్టే నడిచినాను, ఒక్కసారీ చూడ్లేదే!”