ఎల్లవ్వ పేరు

తొట్టెల ఫంక్షన్ నాలుగు రోజులుందనగా, పసిపిల్ల పేరు మీద నారాయణగూడ ఇంట్లో మళ్లీ లొల్లి మొదలైంది.

"మనింట్ల అంట్లు తోమే ఆమె పేరేంది?" అని అడిగింది అరుంధతి. కోడలి మొహం చూడలేదు, చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

"ఎల్లమ్మ, అత్తమ్మా" అంది రోజా.

"మరి? రేపు వంటింట్లకెంచి నేను ఎల్లా అని పిలిస్తే ఎవరు రావాలె? ఆమెనా, నీ బిడ్డనా?"

ఆడబిడ్డ రచన కిసుక్కున నవ్వింది. రోజా నవ్వలేదు. ఆమెకు కావలసింది ఒక్కటే, బిడ్డకు తన అమ్మమ్మ పేరు. కామారెడ్డి దిక్కు ఊళ్లో ఎల్లవ్వ ముప్పై ఏళ్లు బీడీలు చుట్టింది. ఇంటిల్లిపాదిలో ఒక్కరూ పదో తరగతి దాటకపోయినా, మనవరాలిని డిగ్రీ దాకా చదివించి అశోక్‌నగర్ హాస్టల్‌కు పంపింది. అక్కడి కోచింగ్ క్లాసులోనే శశాంక్ పరిచయమయ్యాడు. పెళ్లయింది. కాన్పుకు మూడు నెలల ముందు ఎల్లవ్వ పోయింది. నా పేరు పెట్టమని ఆమె ఏనాడూ కోరలేదు. కోరి ఉంటే రోజాకు ఇంత పట్టుదల ఉండేది కాదేమో.

"అమ్మా, జర విను" అంటూ శశాంక్ ఫోన్ తీశాడు. "ఎల్ల అంటే పనామె పేరొక్కటే కాదు. స్పెయిన్‌ల ఇవే ఇంగ్లీషు అక్షరాలు రాస్తే 'ఆమె' అని. ఇంగ్లీషోళ్లు ఆడపిల్లలకు పెట్టుకుంటరు, పాత జర్మన్ల 'అంతా' అనే మాటకెంచి వచ్చిందంట. గ్రీసుల 'ఎలా' అంటే 'రా' అని పిలుసుడు. హీబ్రూల అసొంటిదే ఒక చెట్టు పేరుంది."

"మన దగ్గర?" పేపర్ చాటు నుంచి మామ రాఘవేందర్ అడిగాడు.

"మన దగ్గర హద్దు, మామయ్యా. ఊరి ఎల్ల అంటరు గదా" అంది రోజా. "అందరూ అని గూడ ఉంది. కన్నడంల అంతా అని, తమిళంల ఎల్లై అంటే హద్దే."

"హద్దంట!" అరుంధతి తల ఎత్తింది. "ఆ మాట ముందుగాల నీకు తెల్వాలె."

రచన మధ్యలో దూరింది. "మమ్మీ, నువ్వు ఉట్టిగ పరేషానయితున్నవ్. మా ఆఫీసుల లండన్ మేడమ్ పేరు గదే. మస్తు స్టయిలుంటది."

అరుంధతి చేతులు ఆగాయి. "లండన్లనా?" తీసిన ఈనెలను పక్కకు నెట్టింది. "సరే. ఎల్లా అనే పెట్టుకోండ్రి. ఇంగ్లీషు పేరని చెప్తం, స్పెయిన్ మాట అని చెప్తం. ఆ ముసలామె ముచ్చట, బీడీల ముచ్చట ఎవరి నోట్లకెంచి వచ్చినా అక్కడికక్కడ పేరు మారుస్త."

గదిలోకి వచ్చాక శశాంక్ గెలిచినవాడిలా మంచం మీద వాలాడు. "ఒప్పిచ్చిన గదా. ఇంకేం కావాలె?"

"పేరును ఇంట్లకు తెచ్చినవ్. మా అవ్వను గేటు కాడనే నిలవెట్టినవ్" అంది రోజా.

"నీకు ఏం జేసినా తక్కువనే."

రెండేళ్లుగా ఆ ఇంట్లో ఆమె ఎక్కువసార్లు అన్న మాట 'సరే'. ఆ రోజూ అదే అంది.

ఇరవై ఒకటో రోజు పొద్దున రోజా తల్లి లక్ష్మవ్వ కాచిగూడలో రైలు దిగి, పిల్లకు గౌనూ, కుడుకలూ, చేతులకు వెండి మురుగులూ మోసుకొచ్చింది. కాళ్లు కడుక్కుందో లేదో, అరుంధతి ఆమెను వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరికి వేసింది. పది నిమిషాల తర్వాత బయటికి వచ్చిన లక్ష్మవ్వ కూతురి వైపు చూడలేదు.

చుట్టాలు నిండారు. అయ్యగారు పళ్లెంలో బియ్యం పరిచి, తండ్రి చేత ఉంగరంతో పేరు రాయించాడు. చిక్కడపల్లి నుంచి వచ్చిన బాలత్రిపురసుందరి, అరుంధతికి పిన్ని వరస, కళ్లజోడు సవరించుకుని వంగి చూసింది.

"ఎల్లా? గిదేం పేరే?"

"స్పానిష్, అమ్మమ్మా" అంది రచన.

"నిన్నడగలేదు. ఏమమ్మా లక్ష్మవ్వా, మీ దిక్కు పేరా ఇది?"

లక్ష్మవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మా దిక్కుది కాదమ్మా. అదేదో ఇస్పేను మాటనట. మా ఇంట్ల ఆ పేరున్నోళ్లు ఎవ్వరు లేరు."

తనను తక్కువ చేసినా రోజా ఓర్చుకుంది, అవ్వ ఊసు దాచినా ఊరుకుంది. కానీ కన్న తల్లిని లేదని చెప్పే గతి అమ్మకెందుకు?

"మా అమ్మమ్మ పేరది" అంది అందరికీ వినిపించేలా. "ఎల్లవ్వ. ఈమెను కన్నతల్లి. బీడీలు చుట్టి నన్ను సదివిచ్చింది."

అరుంధతి ముందుకు వచ్చింది. పళ్లెం ముందు కూర్చుని అరచేత్తో బియ్యాన్ని అటూ ఇటూ తుడిచేసింది. "మాట తప్పినంక పేరెక్కడిది? శశాంక్, అన్వి అని రాయి."

శశాంక్ తల్లిని చూశాడు. భార్యను చూడలేదు. ఉంగరం బియ్యంలో దించి 'అ' మొదలుపెట్టాడు.

"ఆగు అల్లుడా." లక్ష్మవ్వ గొంతు అది. "వదినె, అబద్ధమాడితే పేరు ఉంచుతనంటివి. ఆడితి. సచ్చిన తల్లిని లేదంటి. మళ్ల ఎందుకు తుడిచినవ్?"

"నీ బిడ్డనడుగు! నలుగుట్ల ఇజ్జత్ తీసింది."

"దాన్ని నేను అడుగుత. పసిదేం జేసింది?"

లక్ష్మవ్వ తొట్టెలోంచి పిల్లను తీసుకుని చెవి దగ్గర నోరు పెట్టింది. ఎల్లవ్వా అని మూడుసార్లు పిలిచింది. మేనత్త పిలవాలమ్మా అని అయ్యగారు గొణిగాడు. ఆమె వినిపించుకోలేదు.

"ఆ పేరుతోని నేను జన్మల పిలువ" అంది అరుంధతి.

"పిలువకుండ్రి అత్తమ్మా" అంది రోజా.

లక్ష్మవ్వ పిల్లను కూతురి ఒళ్లో పెట్టింది. ఆమె మొహంలో మెచ్చుకోలు లేదు. "నోరు మూసుకుంటే అయిపోతుండె. నేను రైలెక్కిపోత. ఈడ పడేది నువ్వు" అని, అన్నం తినకుండానే సంచీ పట్టుకుని వెళ్లిపోయింది.

సాయంత్రం శశాంక్ జనన ధ్రువపత్రం కోసం తెచ్చిన ఫారం బల్ల మీద పెట్టాడు. పేరు గడి ఖాళీగా ఉంది. రోజా పెన్ను తీసుకుంది.

"ఎల్లా అనే రాయి" అన్నాడతను. "బయట నడుస్తది. అమ్మ గూడ మెల్లగ తొవ్వకొస్తది."

రోజా 'ఎల్ల' అని రాసింది. పెన్ను ఆపకుండా పక్కన 'వ్వ' కూడా రాసి, ఫారం అతని ముందుకు జరిపింది.

"సంతకం చెయ్."

వంటింట్లో అరుంధతి చేతిలో గిన్నెలు ధడేల్మన్నాయి. శశాంక్ అటు ఒకసారి చూసి, సంతకం చేశాడు.