అర చుట్టు

మేస్త్రి ఇరవై ఎనిమిదేళ్ళుగా ఒకే బల్ల ముందు కూర్చున్నాడు. సముద్రం లోపల చూడాలనుకునే వాళ్ళని డైవింగుకి తీసుకెళ్ళే దుకాణం అది. నీళ్ళ కింద వాళ్ళు గాలి పీల్చుకునే రెగ్యులేటర్లని విప్పి, కడిగి, రబ్బరు వాషర్లు మార్చి, మళ్ళీ బిగించడం అతని పని. ఇన్నేళ్ళలో ఆ బల్ల మీద ఇంకొకరి చెయ్యి పడలేదు.

మూడు నెలల కిందట పడింది. పరాయివాడి చెయ్యి కూడా కాదు, పెళ్ళాం తమ్ముడిది. మేస్త్రే పని నేర్పి, మేస్త్రే దుకాణం నడిపే మేడమ్‌తో చెప్పి పెట్టించాడు. ఆ బామ్మర్ది మధ్యలో ఏదో కొత్త కంపెనీ దగ్గర నెల్లాళ్ళు ట్రైనింగు అయి వచ్చాడు. వచ్చిన రోజు నుంచీ ఆ కంపెనీ జపమే.

"బావా, మన పాతది పిస్టన్ రకం. లోపలికి ఉప్పునీళ్ళు పోతాయి. ఇది డయాఫ్రం రకం, మధ్యలో రబ్బరు పొర అడ్డుంటుంది. చుక్క కూడా పోదు."

"పాతదాంట్లో కదిలే ముక్క ఒక్కటి. చెడిపోవడానికి ఏముందిరా అందులో? నీది విప్పితే బల్ల చాలదు."

"లోతుకి పోయేవాళ్ళకి ఇదే సుఖం బావా."

"ఎన్ని లోతులు చూశావేంటి నువ్వు?"

బామ్మర్ది నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వుకే మేస్త్రికి కడుపు మండేది. వాడు ఎదురు తిట్టినా కొంత హాయిగా ఉండేది.

ఇంటికొస్తే అక్కడా అదే గోల.

"మా తమ్ముడి చెయ్యి భలే నెమ్మదటగా. మీ మేడమే అన్నారట."

"నా చెయ్యి గురించి ఏమందిట?"

"మీ గురించి కొత్తగా అనేదేముందండీ?"

మేస్త్రి కంచం ముందు నుంచి లేచిపోయాడు. మునిగిపోయిన ఓడల దాకా దిగే గడ్డం డైవరు కూడా మారిపోయాడు. పదిహేనేళ్ళు "మేస్త్రీ" అంటూ లోపలికి వచ్చిన మనిషి. ఇప్పుడు గుమ్మంలోనే నిలబడి, "మీ బామ్మర్ది ఉన్నాడా?" అంటున్నాడు.

ఇలా ఉండగా ఒకరోజు మేడమ్ ఇద్దరినీ పిలిచింది.

"రెగ్యులేటర్లన్నీ పాతబడ్డాయి. మార్చేస్తున్నా. ఒకే కంపెనీవి కొంటాను. ఎవరి రకం నెగ్గితే వాళ్ళే ఇక బల్లకి పెద్ద. పేర్లు కనపడకుండా టేపు చుట్టండి. రేపు పొద్దున ఐదుగురు డైవర్లు పీల్చి చెప్తారు."

మర్నాడు మేస్త్రి అందరికంటే ముందు వచ్చి తన పాత రకాన్ని చేతిలోకి తీసుకున్నాడు. నోట్లో పెట్టుకునే భాగంలో ఒక మర ఉంటుంది. అది లోపలి స్ప్రింగుని నొక్కి పెడుతుంది. వదులు చేసినకొద్దీ గాలి తేలిగ్గా వస్తుంది. ఎక్కడ ఆపాలో మేస్త్రిని నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. అక్కడ ఆపలేదు. ఇంకో అర చుట్టు తిప్పాడు. అలా వదులు చేసింది గదిలో బుద్ధిగానే ఉంటుంది. నీళ్ళలో దాని మూతి పైకి తిరిగితే మాత్రం గాలి ఆగకుండా పోతుంది, నిమిషాల్లో ట్యాంకు ఖాళీ. పీల్చేది గదిలోనే కదా, తర్వాత బిగించేస్తే సరి అనుకున్నాడు.

ఐదుగురూ కూర్చుని రెండూ పీల్చారు. నలుగురు ఒకదాన్నే చూపించారు. గడ్డం డైవరు, "ఇదే. అడక్కముందే గాలి నోట్లోకొచ్చింది" అన్నాడు. టేపు విప్పితే పాత కంపెనీది.

మేస్త్రి గబుక్కున బామ్మర్ది మొహం చూశాడు. మాడిపోతుందనుకున్నాడు. అది కాస్తా వెలిగిపోతోంది.

"చూశారా మా బావ పనితనం! మేడమ్, పడవ సిద్ధంగా ఉంది. ఇవాళ దీంతోనే దిగుతాను."

ఆ దుకాణంలో ఎవరైనా సరే, రెగ్యులేటర్ని నీళ్ళ తొట్లో ముంచి చూసుకోనిదే పడవ ఎక్కరు. వాడు తొట్టి దాటి వెళ్ళిపోతున్నాడు.

"తొట్లో ముంచవేంట్రా?" అని వెనక నుంచి గడ్డం డైవరు అరిచాడు.

"బావ బిగించినదాన్ని ముంచి చూస్తే ఆయన్ని తిట్టినట్టే!"

మేస్త్రి వాడి వెనకాలే పరిగెత్తాడు.

"ఒరేయ్, ఇలా తే. వాషరు మార్చాలి."

"నిన్ననే మార్చావుగా బావా."

"గొట్టం చూడాలి."

"కొత్త గొట్టమేగా."

వాడు ఒక కాలు పడవలో పెట్టాడు. మేడమ్ చూస్తోంది. ఐదుగురు డైవర్లూ చూస్తున్నారు. నోరు మూసుకుంటే బల్ల తనదే.

"దిగకు. మర అర చుట్టు ఎక్కువ వదులు చేశాను. కావాలనే చేశాను."

బామ్మర్ది కాలు వెనక్కి తీసుకున్నాడు. మేస్త్రి రెగ్యులేటర్ని అందుకుని, అక్కడే నేల మీద కూర్చుని, ఎంత బిగించాలో అంత బిగించి మేడమ్ చేతిలో పెట్టాడు.

మళ్ళీ పీల్చారు, ఈసారి నీళ్ళలో. పైపైన ఈదేవాళ్ళిద్దరికీ తేడా తెలియలేదు. లోతుకి పోయే ముగ్గురూ కొత్తదే అన్నారు. మేడమ్ మేస్త్రిని ఒక్క మాట అనలేదు. "కొత్తవే కొంటున్నా" అని లోపలికి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం బామ్మర్ది తన పనిముట్లు పట్టుకుని బల్ల దగ్గర నిలబడ్డాడు. కూర్చోలేదు. మేస్త్రి తన సామానంతా ఒక పక్కకి జరిపాడు.

"కిటికీ వైపు నాది. ఆ చీకటి వైపు నువ్వు కూర్చో."

"సరే బావా."

"ప్రతిదానికీ సరే ఏంట్రా! ఇక బల్లకి పెద్ద నువ్వు. ఒక్కసారన్నా కాదని ఏడువు!"

బామ్మర్ది పనిముట్లు బల్ల మీద పెట్టాడు.

"అయితే కాదు బావా. కిటికీ వైపు నాకే కావాలి."

మేస్త్రికి అరికాలి మంట నెత్తికెక్కింది. రెండు చేతులా స్టూలు గట్టిగా పట్టుకుని కిటికీ కిందికి ఇంకా జరిగాడు.