అభ్యంతరం లేని జంటలు

జూలీ రాసిన రూలు ఒక మనిషిని బాత్‌రూమ్‌లో తలుపేసుకుని ఏడ్చేలా చేసింది. ఆ సంగతి ఆమెకి వారం తర్వాత తెలిసింది.

ఏడ్చింది మనోహర్. కలకత్తాలో, గార్డెన్ రీచ్ ఓడల యార్డులో వెల్డరు. ఏక్‌బాల్‌పూర్‌లో హాలు అద్దెకి తీసుకుని నెలకో ఆదివారం జూలీ నడిపే ఆటకి తప్పకుండా వచ్చేవాడు. ఆ ఆటకి స్టేజీ ఉండదు, చూసేవాళ్లుండరు. ముప్పై మంది వేషాలు కట్టుకుని, సాయంత్రం దాకా రేవులో చిక్కుకుపోయిన ఓడలో ప్రయాణికుల్లా బతుకుతారు. కుట్రలు, తగువులు, ప్రేమలు అన్నీ అప్పటికప్పుడు పుట్టాల్సిందే.

ప్రేమల రూలు మాత్రం జూలీ చర్చి నుంచి తెచ్చింది. వాళ్ల నాన్న జ్ఞానానందం సంఘపెద్ద. పెళ్లికి ముందు మూడు ఆదివారాలు జంట పేర్లు చదివి, అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పండంటాడు. ఎవరూ నోరు విప్పకపోతే పెళ్లి ఖాయం. ఆటలోనూ అంతే. నచ్చినవాళ్ల పేరు పక్కన తన పేరు రాసి ఎవరైనా చీటీ ఇవ్వొచ్చు. ఆడా మగా పట్టింపు లేదు. జూలీ పైకి చదివి పది లెక్కపెడుతుంది. అభ్యంతరం రాకపోతే ఆ పూటకి వాళ్లు జంట. ఈ రూలు ఎవర్నీ బయట నిలబెట్టదని ఆమెకి గర్వం.

"దిదీ, నేనింక రాను," అన్నాడు మనోహర్, ఖిదిర్‌పూర్ బస్‌స్టాపులో.

"ఏటైంది?"

"పోయినసారి పుష్పరాణి నా పేరు రాసింది. మూడు గంటలు దానికి మొగుణ్ని. చెయ్యి వదల్లేదు. అయ్యాక బాత్‌రూమ్‌లో తలుపేసుకుని ఏడ్చేసాను. మంచి పిల్లే, దాన్నేటీ అనను. నాకే... ఆడైనా మగైనా ఆ ధ్యాస లేదు. ఎప్పుడూ లేదు."

"అభ్యంతరం అనేస్తే సరిపోను కదరా."

"ముప్పై మంది ముందరా? ఎందుకని అడగరేటి? నేను మాటాడకుండా ఉంటే నువ్వు పది లెక్కెట్టేసి చప్పట్లు కొట్టించేసావు."

బస్సొచ్చింది. ఎక్కేశాడు.

రూలు తిరగెయ్యడం అయిదు నిమిషాల పని. ఇద్దరూ సరేనని పైకి చెబితేనే జంట. మాట్లాడకపోతే కాదన్నట్టు. కారణం ఎవరూ అడగకూడదు. అయినా జూలీ రూలు రాసిన కాగితం నాలుగు రోజులు ముట్టుకోలేదు.

కారణం దెబోరా. చర్చి పాటల బృందంలో జూలీ పక్కనే నిలబడి పాడుతుంది. గడిచిన రెండు ఆటల్లోనూ జూలీ ఆమె పేరు రాసింది. రెండుసార్లూ దెబోరా అభ్యంతరం చెప్పలేదు. రెండు పూటలు వాళ్లు జంటగా బతికారు. ఆ హాలు బయట జూలీకి అలాంటి బతుకు లేదు, వస్తుందన్న ఆశా లేదు. రూలు మారిందా, దెబోరా నోరు విప్పి చెప్పాలి.

అయిదో రోజున కాగితం తిరగరాసింది. మనోహర్‌కి ఫోన్ చేసి రమ్మంది.

ఆట ఉన్న ఆదివారం కొత్త రూలు చదివింది. తర్వాత చీటీలు. మూడోది తనదే. దాచేస్తే అడిగేవాళ్లు లేరు. విప్పింది.

"దెబోరా, జూలీ."

ఒకటి, రెండు, మూడు. దెబోరా చున్నీ అంచు సరిచేసుకుంటోంది. ఏడు. ఎనిమిది. జూలీ చివరి రెండు అంకెలూ నెమ్మదిగా లెక్కపెట్టింది. పది.

"తర్వాతి చీటీ," అంది.

టీ వేళకి దెబోరా మట్టికప్పు పట్టుకుని వచ్చి పక్కన నిలబడింది.

"కొత్త రూలు బాగుందే. ముందే పెట్టాల్సింది."

"అయితే పోయిన రెండుసార్లూ..."

"ఆట నడిపేదానివి నువ్వే కదా. అందరి ముందరా నిన్ను కాదంటే ఏం బాగుంటాది? పోనీలే, ఆటే కదా."

జూలీ తలూపింది.

ఆ పూట దెబోరా ఓడ డాక్టరు వేషం కట్టింది. రోగుల నాలుకలు చూస్తూ, మందులని చెప్పి మరమరాలు పంచుతూ హాలంతా నవ్వించింది, తనూ పగలబడి నవ్వింది. తన పక్కన ఉన్న రెండు పూటల్లో ఆమె అలా నవ్వడం జూలీ ఒక్కసారి కూడా చూడలేదు.