సాసరు మీద కప్పు

అవతలి మనిషి "హలో" అని, ఫోను చేసింది సాసరమ్మ అని తెలియగానే ఠక్కున పెట్టేసింది. తర్వాత చేసిన నంబరు ఒక్కసారి కూడా మోగలేదు. బ్లాక్ చేశారన్నమాట.

"కుట్టుపనివాళ్ళు వచ్చేస్తున్నారా మేడమ్?" ఫ్యాక్టరీ యజమాని గుమ్మంలోంచి తల మాత్రం లోపలికి పెట్టి అడిగాడు. పూర్తిగా లోపలికి రాలేదు. ఆ హెచ్.ఆర్. గదిలోకి ఎవరూ పూర్తిగా రారు.

"బయల్దేరుతున్నారు సార్," అంది సాసరమ్మ. ఎవరు బయల్దేరుతున్నారో మాత్రం చెప్పలేదు. నిజానికి బయల్దేరుతున్నది తనే.

ఆవిడ అసలు పేరు ఫ్యాక్టరీలో అందరికీ తెలుసు, ఎవరూ పలకరు. సాసరమ్మ అంటేనే గుర్తు. ఆ పేరు రావడానికి కారణం ఆవిడ మంచితనమే.

అది ప్రయాణాలకు బ్యాగులు, సూట్‌కేసులు తయారుచేసే ఫ్యాక్టరీ. చేతిలో డబ్బులాడనప్పుడు జనం ముందు మానుకునేది ప్రయాణాలే. పోయినేడు గిరాకీ పడిపోయింది. ముందు ఓవర్‌టైం పోయింది, తర్వాత బోనసు పోయింది, చివరికి గుడ్డ బ్యాగులు కుట్టే సెక్షన్‌కే తాళం పడింది. ప్లాస్టిక్ సూట్‌కేసులు పోతపోసే యంత్రాలు మిగిలాయి. కుట్టుపనివాళ్ళని ఒక్కొక్కరినే పిలిచి ఆ ముక్క చెప్పే పని హెచ్.ఆర్. నెత్తిన పడింది. చెడు కబురు చెప్పేముందు వేడివేడిగా ఏదన్నా తాగించాలని ఆవిడకి ఎక్కడో ట్రైనింగులో చెప్పారు. పాపం, సొంత డబ్బుతో పింగాణీ కప్పులు, సాసర్లు కొనుక్కొచ్చింది. ఆ ఫ్యాక్టరీ పుట్టి బుద్ధెరిగాక అందులో ఎవరూ గాజు గ్లాసులో తప్ప టీ తాగలేదు. అందుకని కథ ఇట్టే అర్థమైపోయింది అందరికీ: సాసరు మీద కప్పు వచ్చిందంటే ఉద్యోగం ఊడిందన్నమాట.

అప్పట్నించీ ఆవిడ వరండాలో నడిచొస్తుంటే జనం గోడలకి అతుక్కుపోతారు. క్యాంటీన్లో ఆవిడ పక్క కుర్చీ ఎప్పుడూ ఖాళీ.

ఇవాళ పొద్దున ఉన్నట్టుండి ఫోనొచ్చింది. ఆస్పత్రుల తరఫున సామాను కొనే మేడమ్. ఇళ్ళకి వెళ్ళి వైద్యం చేసే నర్సులందరికీ గుడ్డ బ్యాగులు కావాలట. పెద్ద ఆర్డరు. "మధ్యాహ్నం మూడింటికి వస్తాను. మాటలొద్దు, కుట్టు లైను నడుస్తుంటే కళ్ళారా చూడాలి. లేకపోతే సాయంత్రం ఇంకో ఫ్యాక్టరీ చూడాల్సింది ఉంది," అందట.

"ఈ ఆర్డరు గనక జారిపోయిందా," అని యజమాని సాసరమ్మతో గొంతు తగ్గించి చెప్పాడు, "ఇక ఆ పోత యంత్రాలు కూడా ఆపేయడమే. అప్పుడు నాకే మీరు కప్పులో టీ ఇవ్వాలి."

సాసరమ్మ చెప్పులు సర్దుకుని వ్యాన్ ఎక్కింది.

* * *

"అందర్నీ ఇళ్ళకెళ్ళి వెతుకుతారా మేడమ్?" డ్రైవరు అద్దంలోంచి చూస్తూ అడిగాడు.

"వేరే దారేముంది? ఫోనెత్తరే!"

"అందరూ ఒక్కచోటే ఉంటారు. చూపిస్తాను. కానీ నేను చెప్పానని చెప్పకండి. మా ఆవిడ కూడా అక్కడే ఉంది."

వ్యాను పెద్ద రోడ్డు దిగి, సైకిళ్ళ షాపులు దాటి, ఓ సందులోకి దూరింది. సందు చివర సగం ఎత్తిన షట్టరు. లోపల కుట్టు మిషన్ల మోత. బయట వేలాడేసిన స్కూలు బ్యాగులు, తెగిన పట్టీలు, జిప్పులు. ఉద్యోగాలు పోయిన కుట్టుపనివాళ్ళంతా కలిసి బ్యాగులు బాగుచేసే షాపు పెట్టుకున్నారన్నమాట!

సాసరమ్మ ఇంకా కాలు కింద పెట్టలేదు. షట్టరు దగ్గర కూచున్న మనిషి చూసింది. నోరు మూతపడదని అందరూ ఆవిడని రేడియో అంటారు. డ్రైవరు భార్య ఆవిడే.

"అమ్మో! సాసరమ్మ!"

ధడాలున షట్టరు కిందికి పడింది. మిషన్ల మోత ఆగిపోయింది.

"నేనే! తలుపు తీయండి!" సాసరమ్మ షట్టరు మీద దబదబా బాదింది.

"ఉద్యోగంలోంచి తీసేశారు, చాల్లేదా? ఇప్పుడు మా షాపులోంచి కూడా తీసేస్తారా?" లోపల్నించి రేడియో.

"తీసెయ్యడానికి కాదు! తీసుకోడానికి వచ్చాను!"

"ఏం తీసుకోడానికి? మిషన్లా?"

"మిమ్మల్నే తల్లీ! పనిలోకి!"

లోపల గుసగుసలు. సందులో జనం పోగవుతున్నారు. ఓ ముసలాయన చేతిలో తెగిన బ్యాగు పట్టుకుని, "వరసలో నేను ముందమ్మా," అన్నాడు. సాసరమ్మకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అప్పుడు లోపల్నించి ఓ గొంతు వినపడింది. "తియ్యండే షట్టరు. మేడమ్ గారిని ఎండలో నిలబెడతారా?"

ఆ గొంతు వినగానే సాసరమ్మ షట్టరు మీంచి చెయ్యి తీసేసింది. ఆ గొంతు తన సొంత పిన్నిది.

కుట్టు లైనుకి పెద్ద దిక్కు పిన్ని. సాసరమ్మకి చిన్నప్పుడు మొదటి స్కూలు బ్యాగు కుట్టిచ్చింది కూడా పిన్నే. ఆ కప్పులు కొన్న రోజున మొట్టమొదట గదిలోకి పిలవాల్సి వచ్చింది ఈవిడనే. పిన్ని ఆరోజు టీ చివరి చుక్కదాకా తాగి, కప్పు బోర్లించి, "థాంక్యూ మేడమ్ గారూ," అని లేచి వెళ్ళిపోయింది. అంతే, ఆ తర్వాత ఎవరింట్లో కలిసినా అదే పిలుపు. మేడమ్ గారూ, కూర్చోండి. మేడమ్ గారూ, తిన్నారా. పుట్టినప్పట్నించీ నోరారా పిలిచిన "చిట్టీ" ఏమైపోయిందో తెలీదు. తిట్టినా బాగుండునని సాసరమ్మ ఎన్నిసార్లు అనుకుందో.

షట్టరు లేచింది. లోపల అందరూ ఉన్నారు, చేతులు కట్టుకుని. మధ్యలో ఓ కుర్చీ వేశారు. ఆవిడ కూర్చోగానే పిన్ని ఫ్లాస్కు మూత తీసి, టీ పోసి, ముందు పెట్టింది.

సాసరు మీద కప్పు.

"మా షాపులో ఒక్కటే ఉంది," అంది రేడియో. "ఊరికే బేరమాడి బుర్ర తినేవాళ్ళకి ఇస్తాం. తాగి వెళ్ళిపోతారు."

అందరూ పకపకా నవ్వారు. పిన్ని మాత్రం నవ్వలేదు. "తాగండి మేడమ్ గారూ. తాగాక వచ్చిన పని చెప్పండి."

సాసరమ్మ తాగింది. తాగుతూనే చెప్పింది. ఆస్పత్రుల ఆర్డరు, మూడింటికి వచ్చే మేడమ్, తాళం పడ్డ సెక్షను, మూతపడబోతున్న పోత యంత్రాలు, అన్నీ. ఏదీ దాచలేదు.

"బాగుంది," అంది పిన్ని. "పనుంటే రమ్మంటారు, వస్తాం. మళ్ళీ గిరాకీ పడిపోతే? మళ్ళీ కప్పులు కడుగుతారా?"

"లేదు పిన్నీ. పని తగ్గితే గంటలు తగ్గించాలి, మనుషుల్ని కాదు. అందరికీ సమానంగా. పోత యంత్రాల వాళ్ళకీ, ఆఫీసు వాళ్ళకీ, నాకూ. పోయినసారి కూడా సార్‌కి అదే చెప్పాను. వినలేదు."

"ఇప్పుడు వింటాడా?"

"ఇప్పుడు ఆయన చెవులు బాగా పనిచేస్తున్నాయి."

రేడియోకి నవ్వాగలేదు. సాసరమ్మ ఫోను తీసి, స్పీకరు పెట్టి, మిషను మీద ఉంచింది.

"సార్, అందరూ నా ఎదురుగానే ఉన్నారు. వస్తారు. కానీ మళ్ళీ మాంద్యం వస్తే ఎవరినీ తీసేయకూడదు. ఉన్న పని అందరం పంచుకుంటాం. మీరు ఒప్పుకోవాలి."

"ఆ సంగతి తర్వాత తీరిగ్గా కూర్చుని ఆలోచిద్దాం మేడమ్…"

"తీరిక మూడింటిదాకానే ఉంది సార్."

అటునుంచి ఓ పెద్ద నిట్టూర్పు. "సరే. ఒప్పుకున్నాను."

"ఇలా ఫోన్లో గొణిగితే కాదు," అంది పిన్ని ఫోనుకేసి వంగి. "ఫ్యాక్టరీ మధ్యలో నిలబడి, అందరూ వినేలా చెప్పాలి."

"చెప్తానమ్మా! ముందు మీరు బయల్దేరండి!"

రేడియో అప్పటికే వ్యాన్లో ముందు సీటు పట్టేసింది. మొగుడి వీపు మీద ఒక్కటి చరిచి, "చోటు చెప్పింది నువ్వేగా? మంచి పని చేశావులే," అంది. పిన్ని షట్టరు దించుతూ, బ్యాగు పట్టుకుని నిలబడ్డ ముసలాయనతో, "ఆదివారం రండి తాతగారూ, షాపు ఎక్కడికీ పోదు," అంది.

* * *

సెక్షన్ తాళం తీస్తుంటే దుమ్ము గుప్పుమంది. ఒకరు మిషన్ల మీద గుడ్డలు లాగారు, ఒకరు నూనె పోశారు, ఒకరు దారాలెక్కించారు. యజమాని హాలు మధ్యలో నిలబడి, చెప్పాల్సిన మాట అందరూ వినేలా చెప్పాడు. మొదటిసారి గొంతు లేవలేదు. "వెనక వినపడలేదు సార్!" అంది రేడియో. రెండోసారి పోత యంత్రాల దగ్గర కూడా వినపడేలా అరిచాడు. హాలంతా చప్పట్లు.

ఆస్పత్రుల మేడమ్ మూడింటికల్లా రానేవచ్చింది. లావుపాటి మనిషి. మాట తక్కువ. కుట్టిన ప్రతి పట్టీనీ రెండు చేతులా పట్టి, తెంపడానికే వచ్చినట్టు లాగి చూస్తోంది. పట్టీలు తెగలేదు. ఆవిడ మొహంలో ఓ మెరుపు. యజమాని మొహంలో దానికి రెండింతలు. సాసరమ్మ గోడకి ఆనుకుని అప్పుడే ఊపిరి పీల్చుకుంది.

సరిగ్గా అప్పుడే క్యాంటీన్లో టీ ఇచ్చే పెద్దాయన వచ్చాడు.

పాపం, ఆయన తప్పేం లేదు. వచ్చింది పెద్ద అతిథి, మంచి కప్పులు తెమ్మని యజమానే చెప్పాడు. ఫ్యాక్టరీలో మంచి కప్పులంటే అవే. పెద్ద పళ్ళెంలో, తళతళలాడుతూ, ఒక్కో సాసరు మీద ఒక్కో కప్పు. అతిథి ఒక్కదానికే ఇస్తే బాగుండదని లైను మొత్తానికీ తెచ్చాడు.

గుమ్మం దగ్గరున్న మిషను ఆగింది. దాని పక్కది ఆగింది. వరసగా ఒకదాని తర్వాత ఒకటి. హాల్లో సూది పడితే వినపడుతుంది. నిజంగానే ఎవరి చేతిలోంచో సూది పడింది, వినపడింది.

రేడియో తన సంచీ తీసి భుజానికి తగిలించుకుంది. ఆ నోటికి మాట రాకపోవడం అదే మొదటిసారి.

"కరెంటు పోయిందా?" అంది ఆస్పత్రుల మేడమ్, పైన తిరుగుతున్న ఫ్యాన్లకేసి చూస్తూ.

యజమాని కూడా ఫ్యాన్లకేసే చూశాడు.

సాసరమ్మకి ఒక్క క్షణంలో అంతా అర్థమైంది. ఇది మామూలు టీయేనని చెప్తే, ఆ కప్పుల కథంతా అతిథి ముందు విప్పాలి. చెప్పకపోతే, ఈ మనుషులు ఇంకో నిమిషంలో గేటు దాటతారు. పిన్ని ఆవిడనే చూస్తోంది. కోపంగా కాదు. నువ్వు కూడానా, అన్నట్టు.

సాసరమ్మ ఒక్క అంగలో వెళ్ళి పళ్ళెం లాక్కుంది.

"ఈ టీలన్నీ నావే!" అంది గట్టిగా. "ఎవరికీ ఇవ్వను!"

మొదటి కప్పు ఎత్తి గటగటా తాగేసింది. నాలుక చుర్రుమంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రెండో కప్పు. మూడో కప్పు. టీ పెద్దాయన బిత్తరపోయి చూస్తున్నాడు. ఊడే ఉద్యోగాలేవైనా ఉంటే అన్నీ తనకే ఊడనీ అన్నట్టు, ఆవిడ నాలుగో కప్పుకి చెయ్యి చాచింది.

"చిట్టీ!"

హాలంతా అటు తిరిగింది. పిన్ని మిషను దగ్గర్నించి లేచి, విసవిసా నడిచొచ్చి, ఆ కప్పు లాగేసుకుంది.

"నోరు బొబ్బలెక్కుతుందే పిచ్చిమొహమా! చిన్నప్పుడూ ఇంతే, ఏదిచ్చినా చల్లారకుండానే మింగడమే!"

కప్పులోంచి సాసర్లోకి టీ వంపింది. ఉఫ్ ఉఫ్ మని ఊది, సాసరమ్మ నోటి దగ్గర పెట్టింది. "ఇదిగో. ఇలా తాగు."

సాసరమ్మ తాగింది. టీలో ఎన్ని కన్నీళ్ళు కలిశాయో ఎవరూ చూడలేదు. ఎందుకంటే రేడియో భళ్ళున నవ్వింది, దాంతో హాలు మొత్తం నవ్వింది. భుజాన సంచీ దిగింది. ఒక మిషను టకటకమంది, పక్కది అందుకుంది.

"అంత బాగుంటుందా మీ టీ?" అంది ఆస్పత్రుల మేడమ్.

ఇక రేడియో ఆగుతుందా? మొదట్నించీ చివరిదాకా, సాసర్ల కథ మొత్తం, షట్టరుతో సహా విప్పేసింది. యజమాని కళ్ళు మూసుకున్నాడు. ఆర్డరు అటునుంచి అటే పోయిందనుకున్నాడు.

ఆస్పత్రుల మేడమ్ అంతా విని, పళ్ళెంలోంచి ఓ కప్పు తీసుకుని, పిన్ని పక్కన స్టూలు మీద కూలబడింది.

"మీరు నయమమ్మా," అంది. "ఇదివరకటి కంపెనీలో నన్ను తీసేసినప్పుడు ఫోన్లో మెసేజీ పెట్టారు. అది కూడా నా పేరుతో కాదు, ఇంకొకరి పేరుతో." టీ ఓ గుక్క తాగి, చేతిలో ఉన్న బ్యాగు పట్టీని ఇంకోసారి లాగి చూసింది. "మొదటి లారీ ఎప్పుడు పంపుతారు?"

"ముందు టీ తాగండి," అంది పిన్ని, దారం కొరుకుతూ. "చల్లారిపోతుంది."

మర్నాడు సాసరమ్మ గదిలో కప్పులు లేవు. గాజు గ్లాసులో టీ తీసుకుని హాల్లోకి వస్తే, ఎవరూ గోడకి అతుక్కోలేదు. సాసర్లు మాత్రం కనపడ్డాయి. దాదాపు ప్రతి మిషను పక్కనా ఒకటి, నిండా సూదులు, జిప్పు ముక్కలు.

"సాసరమ్మా!" రేడియో మొహమ్మీదే పిలిచింది, హాలంతా వినేలా. "నాకొక్కదానికే రాలేదు. నీ దగ్గర ఇంకో సాసరుందా?"